చిన్న వాటాదారుకు చట్టం చూపిన దారి: ఇల్లెందు నుంచి నేటి ట్రిబ్యునల్ దాకా

పదవీ విరమణ చేసిన వారి ఇళ్లలో పాత ట్రంకుపెట్టె ఒకటి తప్పక ఉంటుంది. సర్వీసు రిజిస్టరు నకలు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు, ఎల్.ఐ.సి. పాలసీ, ఇంటిస్థలం దస్తావేజు అన్నీ అందులోనే. వాటి అడుగున కొందరికి నాలుగైదు షేరు సర్టిఫికెట్లు కూడా కనిపిస్తాయి. ప్రావిడెంట్ ఫండు సొమ్ములో కొంత తీసి కొన్నవి కావచ్చు, ఊళ్లో నలుగురూ కొంటున్నారని కొన్నవి కావచ్చు. ఏటా ఒకసారి కంపెనీ వారు పంపే నివేదిక పుస్తకం వస్తుంది. దాన్ని తెరవకుండానే అటకెక్కించే వారే ఎక్కువ. "మనకున్నది యాభై షేర్లు, మన మాట ఎవరు వింటారు?" అనే నిస్పృహే దీనికి కారణం.

ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. కంపెనీలో వాటాను బట్టి ఓటు. వంద వాటాలున్న వానికి వంద ఓట్లు, లక్ష ఉన్న వానికి లక్ష. ఎక్కువ వాటాలున్న వారు డైరెక్టర్లను ఎన్నుకుంటారు, డైరెక్టర్లు కంపెనీని నడుపుతారు. ఆ పెద్ద వాటాదారులే కంపెనీ సొమ్మును తమ సొంతానికి మళ్లించుకుంటే చిన్న వాటాదారు ఎక్కడ మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ చరిత్రలో మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకూ, మన గోదావరి తీరానికీ చెప్పుకోదగిన చోటున్నది. ఆ కథను మన సభ్యులూ, వారి పిల్లలూ తెలుసుకోవడం అవసరమని ఈ వ్యాసం.

నల్లరాళ్లు, తెల్లకాగితాలు

భద్రాచల రాముని దర్శనానికి నడిచి వెళ్లే యాత్రికులు ఇల్లెందు అడవిలో మజిలీ చేసి, మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెట్టి వంట చేసుకోబోతే ఆ రాళ్లే అంటుకున్నాయని మన ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్లు కనుగొన్నారు. దగ్గరలోని సింగరేణి గ్రామం పేరే తరువాత ఆ గనులకు స్థిరపడింది.

అప్పుడీ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. గనులు తవ్వే హక్కు కోసం 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు వారు నిజాం ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ప్రభుత్వం తరఫున ఈ వ్యవహారం నడిపినది సర్దార్ అబ్దుల్ హక్ అనే ఉన్నతాధికారి. ఆ హక్కును ఆధారం చేసుకొని అదే సంవత్సరం లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది.

ఆ కంపెనీ వాటాల లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. మూలధనం 10 లక్షల పౌండ్లు. ఒక్కొక్కటి 10 పౌండ్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు హక్కు సంపాదించి తెచ్చిన వారికే, పూర్తి సొమ్ము చెల్లించినట్లుగా రాసి ఇచ్చేశారు. వారు గని తవ్వలేదు, యంత్రం కొనలేదు. నిజాం దగ్గర తెచ్చుకున్న ఒప్పంద పత్రమే వారి పెట్టుబడి. మిగిలిన 15,000 వాటాలకే నగదు రావలసి ఉన్నది. ఉత్త కాగితం మీద పుట్టిన ఆ 85,000 వాటాలను మార్కెట్లో మంచి ధరకు అమ్ముకోవడమే అసలు వ్యాపారమైంది.

అలా అమ్మిన వాటాలను కొన్నవారిలో నిజాం ప్రభుత్వమే ఒకటి. 10 పౌండ్ల వాటాను 12 పౌండ్ల చొప్పున, వేల సంఖ్యలో ప్రభుత్వ ఖజానా సొమ్ముతో కొన్నారు. మార్కెట్లో కొంటున్నామని ప్రభుత్వం అనుకున్నది. తీరా చూస్తే అవి సర్దార్ అబ్దుల్ హక్‌కు ఉచితంగా దక్కిన వాటాలని తేలింది. రాజ్యం తరఫున బేరమాడిన వాడే ఆ బేరంలో వాటా తీసుకొని, ఆ వాటాను తిరిగి రాజ్యానికే అమ్మాడన్న మాట.

ఈ సంగతి లండన్‌లో పార్లమెంటు దాకా పోయింది. హెన్రీ లాబుషేర్ వంటి సభ్యులు గట్టిగా పట్టుబట్టడంతో 1888లో హౌస్ ఆఫ్ కామన్స్ ఒక సెలెక్ట్ కమిటీని వేసి విచారణ జరిపింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. గనుల పని మాత్రం సాగింది. డోర్నకల్ నుంచి రైలు మార్గం వచ్చింది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మోసపోయినది నిజాం ప్రభుత్వం కనుక, అది వైస్రాయి, పార్లమెంటు దాకా పోగల రాజ్యం కనుక విచారణ జరిగింది. అదే కంపెనీలో 12 పౌండ్లు పోసి ఒక్క వాటా కొన్న సామాన్యుడు ఏం చేయగలిగేవాడు? అప్పటి చట్టాన్ని బట్టి చూస్తే, బహు స్వల్పం.

మెజారిటీదే మాట అన్న రోజులు

అప్పటి చట్టానికి మూలస్తంభం 1843లో ఇంగ్లండులో వచ్చిన ఒక తీర్పు. మాంచెస్టరు నగరంలో విక్టోరియా పార్కు పేరుతో ఇళ్లు, తోటలు కట్టేందుకు ఒక కంపెనీ పెట్టారు. దాని డైరెక్టర్లు తమ సొంత భూమినే ఎక్కువ ధరకు కంపెనీకి అంటగట్టారని ఫాస్, టర్టన్ అనే ఇద్దరు వాటాదారులు కోర్టుకు వెళ్లారు. ఫాస్ వర్సెస్ హార్‌బాటిల్ అనే పేరుతో న్యాయవాదులందరికీ పరిచయమైన కేసు అదే.

కోర్టు చెప్పినది క్లుప్తంగా ఇది. నష్టం జరిగినది కంపెనీకి. కనుక దావా వేయవలసినది కంపెనీయే, వాటాదారు కాదు. కంపెనీ దావా వేయాలా వద్దా అన్నది సభలో మెజారిటీ తేల్చుకోవాలి. వినడానికి సబబుగానే ఉన్నది. ప్రతి వాటాదారూ అలిగినప్పుడల్లా కోర్టుకెక్కితే ఏ కంపెనీ నడవదు. కాని తప్పు చేసినవారి చేతిలోనే మెజారిటీ ఉంటే? దొంగనే ఫిర్యాదు రాయమన్నట్లవుతుంది. చట్టవిరుద్ధమైన పనులకూ, మైనారిటీని మోసం చేసే పనులకూ ఆ నియమం వర్తించదని తరువాతి కోర్టులు కొన్ని మినహాయింపులు చెప్పాయి. అవి నిరూపించడం సామాన్యునికి తలకు మించిన పని.

చిన్న వాటాదారు చేతిలో మరొక ఆయుధం ఉండేది. కంపెనీని నడపడం న్యాయం కాదు, మూసివేయించండి అని కోర్టును అడగవచ్చు. మన దేశంలో 1913 నాటి కంపెనీల చట్టంలోనూ ఈ వెసులుబాటు ఉన్నది. కాని ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకున్నట్లే ఇదీ. కంపెనీ మూతపడితే యంత్రాలు తుక్కు ధరకు పోతాయి, అప్పులవాళ్లు ముందు తీసుకుంటారు, చివరికి వాటాదారుకు మిగిలేది గుప్పెడు బూడిద. ఈ భయంతోనే చాలామంది నోరు మూసుకొని అన్యాయాన్ని భరించేవారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ ఇంగ్లండులో కోహెన్ కమిటీ ఈ లోపాన్ని గుర్తించింది. దాని ఫలితంగా 1948 నాటి ఇంగ్లీషు చట్టంలో కొత్త సెక్షన్ ఒకటి వచ్చింది. కంపెనీని చంపకుండానే దాని రోగం కుదిర్చే అధికారాన్ని కోర్టుకు ఇచ్చారు. దాన్ని చూసి మన పార్లమెంటు 1951లో పాత చట్టానికి 153-సి అనే సెక్షన్‌ను చేర్చింది. అలా చేర్చిన కొద్ది కాలానికే ఆ సెక్షన్‌కు బలం చేకూర్చిన తీర్పు మన గోదావరి ఒడ్డున పుట్టింది.

రాజమండ్రి కరెంటు కంపెనీ కేసు

భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్నదన్న సంగతి పెద్దలకు విదితమే. అదే జిల్లాలో రాజమండ్రి పట్టణానికి కరెంటు సరఫరా చేసేందుకు ఒక ప్రైవేటు కంపెనీ ఉండేది. దాని పేరు రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లయి కార్పొరేషన్ లిమిటెడ్. ప్రభుత్వం దగ్గర కరెంటు కొని పట్టణంలో పంచడం దాని పని. ఈ కంపెనీపై ఎ. నాగేశ్వరరావు అనే వాటాదారు ఆంధ్ర హైకోర్టులో పిటిషన్ వేశారు.

ఆరోపణలు నేటికీ మనకు కొత్తగా అనిపించవు. ప్రభుత్వానికి కట్టవలసిన కరెంటు బకాయి మూడు లక్షల రూపాయలు దాటింది. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమో వేరే చెప్పనక్కరలేదు. డైరెక్టర్లు సొమ్ము వాడుకున్నారు. పాలకవర్గంలో కుమ్ములాటలు. కంపెనీని మూసివేయించండి, లేదా 153-సి సెక్షన్ కింద తగిన ఉత్తర్వు ఇవ్వండి అని ఆయన కోరారు.

హైకోర్టు విచారించి, వైస్ చైర్మన్ కంపెనీ వ్యవహారాలను అడ్డదిడ్డంగా నడిపారనీ, సొంతానికి పెద్ద మొత్తాలు తీసుకున్నారనీ, యంత్రాలు మరమ్మతు లేక పడి ఉన్నాయనీ తేల్చింది. స్థానికంగా బలమైన ఒక ముఠా చేతిలో కంపెనీ చిక్కుకున్నదనీ, చైర్మన్ వర్గానికి బయట ఉన్న వాటాదారులు పరిస్థితిని చక్కదిద్దుకోలేని నిస్సహాయులనీ కూడా చెప్పింది. కంపెనీని మూసివేయదగిన కారణాలే ఇవి. అయినా కోర్టు మూసివేయలేదు. ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లను ఆరు నెలల పాటు నియమించి, డైరెక్టర్ల అధికారాలన్నీ వారికి అప్పగించింది. రావలసిన బాకీలు వసూలు చేయండి, ఇవ్వవలసిన అప్పులు తీర్చండి, ఆపైన వాటాదారుల సభ పిలిచి వారి అభిప్రాయం తెలుసుకోండి అని ఆదేశించింది. పట్టణంలో దీపాలు ఆరిపోలేదు, వాటాదారుల సొమ్ము తుక్కు కాలేదు.

కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1955 చివర్లో జస్టిస్ వెంకటరామ అయ్యర్ రాసిన తీర్పులో హైకోర్టు ఉత్తర్వు నిలిచింది. కంపెనీ తరఫు వాదనల్లో ఒకటి మనకు ముఖ్యమైనది. పిటిషన్ వేయడానికి సభ్యుల్లో పదోవంతు మంది సమ్మతి కావాలని చట్టం. 80 మంది సమ్మతి ఉన్నదని పిటిషనరు చూపారు. అందులో 13 మంది అసలు సభ్యులే కారు, ఇద్దరు రెండుసార్లు సంతకం చేశారు. అవి తీసేస్తే 65. ఆపైన మరో 13 మంది తరువాత మనసు మార్చుకొని సమ్మతి వెనక్కు తీసుకున్నారు. కనుక పిటిషన్ చెల్లదని కంపెనీ వాదించింది.

సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. పిటిషన్ దాఖలైన రోజున సమ్మతి ఉన్నదా లేదా అన్నదే చూడాలి, తరువాత కొందరు వెనక్కు తగ్గినంత మాత్రాన పిటిషన్ చెల్లకుండా పోదు అన్నది. దీని విలువ ఊరి రాజకీయం తెలిసిన వారికి బాగా అర్థమవుతుంది. ముందు సంతకం పెట్టినవారి ఇంటికి రాత్రికి రాత్రి మనుషుల్ని పంపి, బెదిరించో బుజ్జగించో వెనక్కు తీసుకొమ్మనడం ఎంత సులభం! ఆ దారిని కోర్టు మూసివేసింది.

మరొక మాట కూడా చెప్పింది. డైరెక్టర్లు సొమ్ము తిన్నారన్నంత మాత్రాన కంపెనీని మూసివేయనక్కరలేదు, అది వాటాదారులు ఇంట్లో తేల్చుకోగల విషయం కావచ్చు. కాని తేల్చుకునే శక్తి వారికి లేకుండా చేసినప్పుడు కోర్టు కలుగజేసుకోవడం న్యాయమే. చిన్న వాటాదారు హక్కుకు పునాది ఈ మాటలోనే ఉన్నది.

1956 చట్టం, సింగరేణి కథ

మరుసటి సంవత్సరమే 1956 నాటి కంపెనీల చట్టం వచ్చింది. పాత 153-సి స్థానంలో 397, 398 సెక్షన్లు వచ్చాయి. మొదటిది అణచివేతకు మందు, రెండవది దుర్నిర్వహణకు మందు. వాటాల మూలధనం ఉన్న కంపెనీలో వందమంది సభ్యులు గాని, మొత్తం సభ్యుల్లో పదోవంతు మంది గాని, ఏది తక్కువైతే అంతమంది కలిసి పిటిషన్ వేయవచ్చు. లేదా పదోవంతు వాటాలు చేతిలో ఉన్నవారు వేయవచ్చు. కోర్టు డైరెక్టర్లను తొలగించవచ్చు, అన్యాయమైన ఒప్పందాలను రద్దు చేయవచ్చు, చిన్న వాటాదారుల షేర్లను సరసమైన ధరకు కొనిపించవచ్చు. 1991లో ఈ అధికారం హైకోర్టుల నుంచి కంపెనీ లా బోర్డుకు మారింది.

ఏది అణచివేత అన్న ప్రశ్నకు 1965లో కళింగ ట్యూబ్స్ కేసులో సుప్రీంకోర్టు వివరణ ఇచ్చింది. ఒక్కసారి జరిగిన తప్పు చాలదు. వాటాదారుగా ఉన్న వ్యక్తి పట్ల కఠినంగా, భారంగా, అక్రమంగా నడుచుకోవడం పిటిషన్ వేసేదాకా కొనసాగుతూ ఉండాలి అన్నది. డివిడెండు తక్కువ ఇచ్చారనో, డైరెక్టరు పదవి ఇవ్వలేదనో వేసిన పిటిషన్లు అందుకే నిలవవు.

ఈలోగా మన సింగరేణి కథ కూడా మలుపులు తిరిగింది. 1920 డిసెంబరు 23న హైదరాబాద్ కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి, లండన్ కంపెనీ ఆస్తులనూ అప్పులనూ తీసుకున్నది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. అర్ధశతాబ్దం క్రితం 12 పౌండ్లకు వాటాలు కొని మోసపోయిన రాజ్యమే ఇప్పుడు యజమాని అయింది. 1956లో ఆ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి దక్కాయి. 1960 నుంచి కేంద్రం కూడా వాటాదారుగా చేరింది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం అని స్థూలంగా చెప్పుకుంటాము. ఆ లెక్కలో కనిపించనంత స్వల్ప భాగం ప్రైవేటు వాటాదారుల చేతిలో కూడా ఉన్నది. చట్టం దృష్టిలో 49 శాతం ఉన్న కేంద్ర ప్రభుత్వమూ మైనారిటీ వాటాదారే. తేడా ఏమంటే, అంత పెద్ద మైనారిటీ ముందుగానే ఒప్పందం రాయించుకొని, బోర్డులో తన మనుషుల్ని కూర్చోబెట్టుకోగలదు. అటువంటి ఒప్పందం రాయించుకోలేని వారి కోసమే చట్టం.

సారపాకలో విలీనం

అన్యాయం జరగకపోయినా చిన్న వాటాదారుకు సందేహం కలిగే సందర్భం మరొకటి ఉన్నది. పెద్ద కంపెనీ తన అనుబంధ కంపెనీని తనలో కలుపుకోవడం. మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణ, భద్రాచలానికి ఎదురుగా గోదావరికి ఇవతల సారపాకలో ఉన్న కాగితపు మిల్లు. ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ 1975లో ఏర్పడి, 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో అది ఐటీసీలో విలీనమైంది. భద్రాచలం కంపెనీ వాటాలు 16 ఉన్నవారికి ఒక ఐటీసీ వాటా ఇచ్చారు.

పదహారుకు ఒకటి అనగానే చాలామందికి గుండె గుభేలుమంటుంది. కాని వాటాల సంఖ్యను కాక వాటి విలువను పోల్చి చూడాలి. ఐటీసీ వాటా విలువ భద్రాచలం కంపెనీ వాటా విలువకు ఎన్నో రెట్లు. ఇటువంటి నిష్పత్తులను స్వతంత్ర మదింపుదార్లు లెక్కగడతారు. తరువాత వాటాదారుల సభ జరగాలి, ఓటు వేసినవారిలో సంఖ్యలో మెజారిటీ, విలువలో మూడు వంతులు ఒప్పుకోవాలి. ఆపైన కోర్టు ఆమోదించాలి. నేడు ఆ పని ట్రిబ్యునల్‌ది. 1996లో మఫత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు ఇక్కడ రబ్బరు స్టాంపు కాదనీ, అలాగని వ్యాపార లెక్కను తానే తిరిగి వేయబోదనీ చెప్పింది. పూర్తి సమాచారం వాటాదారుల ముందు పెట్టారా, సభ సక్రమంగా జరిగిందా, మెజారిటీ తన స్వార్థం కోసం మైనారిటీని బలవంతం చేసిందా అన్నవి చూస్తుంది.

కనుక విలీనం నోటీసు వచ్చినప్పుడు చదవవలసిన బాధ్యత మనదే. అభ్యంతరం చెప్పే గడువు దాటాక వగచి లాభం లేదు.

సత్యం నేర్పిన పాఠం

2008 డిసెంబరు 16న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ బోర్డు, చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. మాంచెస్టరు డైరెక్టర్లు తమ భూమిని కంపెనీకి అమ్మిన నాటి కథే ఇది. కాని ఈసారి వాటాదారులు ఊరుకోలేదు. న్యూయార్కులో షేరు ధర ఒక్కరోజులో సగానికి పైగా కూలింది. గంటల్లోనే బోర్డు నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నది. చైర్మన్ కుటుంబం చేతిలో అప్పటికి ఉన్న వాటాలు పది శాతం లోపే. తక్కువ వాటాలున్నా కుర్చీలో ఉన్నవారిదే పెత్తనమని, మిగతా తొంభై శాతం చెదిరి ఉంటే ఏం జరుగుతుందో ఇది చూపింది.

2009 జనవరి 7న లెక్కలన్నీ ఏళ్ల తరబడి కల్పితమని చైర్మనే లేఖ రాశారు. రెండు రోజుల్లో కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా బోర్డును ఆశ్రయించి, 397, 398 సెక్షన్ల కుటుంబానికి చెందిన అధికారాలతోనే పాత బోర్డును పక్కకు తప్పించి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. వేలాది ఉద్యోగాలు నిలిచాయి. రాజమండ్రి కరెంటు కంపెనీకి అర్ధశతాబ్దం క్రితం చేసిన వైద్యమే ఇక్కడా పనిచేసింది. కంపెనీని బతికించి, నడిపే చేతులను మార్చారు.

కాని వాటాదారుల నష్టం మాటేమిటి? అమెరికాలో షేర్లు కొన్నవారు అందరి తరఫునా ఉమ్మడి దావా వేశారు. 2011లో సత్యం 12 కోట్ల 50 లక్షల డాలర్లు, ఆడిట్ సంస్థ 2 కోట్ల 55 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడ్డాయి. మన దేశంలో షేర్లు కొన్నవారికి అటువంటి దావా వేసే దారి అప్పటి కంపెనీల చట్టంలో లేదు. ఒక మదుపుదార్ల సంఘం వినియోగదారుల కమిషన్‌నూ, సుప్రీంకోర్టునూ ఆశ్రయించినా 2009లో ఫలితం దక్కలేదు. ఒకే కంపెనీ, ఒకే మోసం, ఆ ఒడ్డున కొన్నవారికి పరిహారం, ఈ ఒడ్డున కొన్నవారికి శూన్యం. ఇంతకంటె పచ్చి అన్యాయం ఏముంటుంది?

ఈ లోటును పూడ్చేందుకే 2013 నాటి కొత్త చట్టంలో 245 సెక్షన్ చేర్చారు. అది 2016 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నూరుమంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో 5 శాతం మంది, ఏది తక్కువైతే అంతమంది అందరి తరఫునా దావా వేయవచ్చు. లేదా 5 శాతం వాటాలున్నవారు, స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ అయితే 2 శాతం వాటాలున్నవారు వేయవచ్చు. డైరెక్టర్ల మీదే కాదు, తప్పుడు ఆడిట్ చేసినవారి మీద కూడా పరిహారం కోరవచ్చు.

నేడు మన చేతిలో ఉన్నవి

పాత 397, 398 సెక్షన్ల పని నేడు 2013 చట్టంలోని 241, 242 సెక్షన్లు చేస్తున్నాయి. కంపెనీ లా బోర్డు స్థానంలో 2016 జూన్ 1 నుంచి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ వచ్చింది. మన రాష్ట్రానికి దాని బెంచి హైదరాబాదులో ఉన్నది. నూరుమంది లేదా పదోవంతు అన్న పాత నియమం 244 సెక్షన్‌లో కొనసాగుతున్నది. కాని తగిన కారణం చూపితే ఆ సంఖ్య లేకపోయినా అనుమతించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చారు. ఇది చిన్నవారికి పెద్ద మేలు. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో అప్పీలు ట్రిబ్యునల్‌కు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు.

అంత దూరం వెళ్లకుండా చేయదగినవి కూడా కొన్ని ఉన్నాయి.

మొదటిది, వార్షిక సభ నోటీసు చదవడం. డైరెక్టర్లకు సంబంధమున్న సంస్థలతో జరిపిన లావాదేవీలు అందులో ప్రత్యేకంగా చూపాలి. నమోదైన కంపెనీల్లో ఇంటి నుంచే ఎలక్ట్రానిక్ ఓటు వేయవచ్చు, మనవడో మనవరాలో పక్కన కూర్చుంటే పది నిమిషాల పని.

రెండవది, డివిడెండు రాకపోయినా, షేర్ల విషయంలో జవాబు లేకపోయినా ముందు కంపెనీకి రాసి, ఆపైన సెబీ వారి స్కోర్స్ అనే ఫిర్యాదు వ్యవస్థకు రాయడం. దీనికి ఫీజు లేదు.

మూడవది, ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత సర్టిఫికెట్లు బయటకు తీయడం. ఏడేళ్లు వరుసగా డివిడెండు తీసుకోకపోతే ఆ డివిడెండూ, ఆ షేర్లూ కూడా కేంద్ర ప్రభుత్వపు మదుపుదార్ల విద్య, రక్షణ నిధికి వెళతాయి. అలా వెళ్లినా హక్కు పోదు, దరఖాస్తు చేసి తిరిగి తీసుకోవచ్చు. నమోదైన కంపెనీల కాగితపు షేర్లను అమ్మి మరొకరి పేరిట మార్చడం 2019 ఏప్రిల్ 1 నుంచి సాధారణంగా కుదరదు, డీమ్యాట్ చేయించుకోవాలి. వాటాదారు గతించి ఉంటే వారసుల పేరిట మార్చుకోవచ్చు. పేరు విలీనమైన కంపెనీది అయితే, ఆ సర్టిఫికెట్ పనికిరాదని పారేయకండి. దాని బదులు ఏ కంపెనీ వాటాలు రావాలో కనుక్కోండి.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఒంటరిగా ఉండకపోవడం. చట్టం వందమంది అని ఎందుకు రాసిందో ఆలోచించండి. ఒక్కడి అలకకూ పదిమంది అన్యాయానికీ తేడా తెలియడానికి. పెన్షనర్లమైన మనకు ఈ పాఠం కొత్త కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పినది కూడా, విరమణ తేదీ పేరిట మనలో మనకు గీసిన గీతను ప్రశ్నించినవారు ఉన్నందువల్లనే. ఆ కేసులోనూ ఒక సంఘం పిటిషనరుగా నిలిచింది.

ఇల్లెందు బొగ్గు వాటాల మోసంలో రాజ్యానికి పార్లమెంటు విచారణ దొరికింది. రాజమండ్రిలో 65 సంతకాలకు హైకోర్టూ, సుప్రీంకోర్టూ తలుపు తీశాయి. సత్యం వాటాదారుల కష్టం నుంచి కొత్త సెక్షన్ పుట్టింది. ప్రతి మెట్టూ అంతకు ముందు ఎవరో పోగొట్టుకున్న సొమ్ముతో కట్టినదే. వారు కట్టిన మెట్లను మనం ఎక్కకపోతే ఆ తప్పు చట్టానిది కాదు.

మన సభ్యుల్లో ఒకే కంపెనీలో షేర్లున్నవారు తమ పేర్లు సంఘ కార్యాలయంలో రాయించి ఉంచితే, అవసరం వచ్చిననాడు ఒకరికొకరు తోడు దొరుకుతారు. వచ్చే సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఆ పాత సర్టిఫికెట్లు కూడా వెంట తెచ్చుకోవలసిందిగా మనవి.